చుట్టల బాబాయి గొంతు

మా బాబాయిని అందరూ చుట్టల బాబాయి అంటారు. కొత్తవాళ్లు ఆ పేరు వినగానే నోట్లో చుట్ట పెట్టుకున్న మనిషిని ఊహించుకుంటారు. ఆయన జన్మలో పొగ తాగి ఎరగడు. కాలిపోయిన మోటార్లకూ ఫ్యాన్లకూ రాగి తీగ మళ్లీ చుట్టి బతికించడం ఆయన వృత్తి. ఇంట్లో వెనక గది ఆయనది. ముందు గదిలో పిన్ని పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తుంది. ఒక గదిలో వార్నిష్ వాసన, ఇంకో గదిలో జిగురు వాసన. పని చేస్తున్నంతసేపూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూనే ఉంటారు.

వెనక గదిలో ఓ మూల బీరువా ఎత్తున రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంది. బాబాయి సొంతంగా కట్టుకున్నదే. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతుంటాయి. లైసెన్సు తీసుకుని, సరదా కోసం గాలిలో కబుర్లాడుకునే వాళ్లలో ఆయనొకడు. అరచేతిలో పట్టే కొత్త సెట్లు వచ్చినా వాల్వులు వదల్లేదు. “చలికాలం వెచ్చగా ఉంటాయి” అని నవ్వేవాడు.

ఆదివారం పొద్దున ఆయన ముఖ్యంగా మాట్లాడేది పిన్ని వాళ్ల అన్నయ్యతో. ఆయన కొండల అవతలి ఊళ్లో గడియారాలు బాగుచేస్తాడు. ఆయనకూ ఇదే పిచ్చి. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, ఎకసెక్కాలాడకుండా ఒక్క వారం కూడా గడవదు. వయసు మీదపడి గడియారాల బావకు వినికిడి తగ్గుతూ వచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఒక ఆదివారం బాబాయి, “మా ఇంట్లో పిల్లి ఈనింది బావా” అన్నాడు.

“చల్లని మాట చెప్పావు. తప్పకుండా వస్తాం” అన్నాడు బావ.

పిల్లిపిల్లల్ని చూడ్డానికి కాబోలు అనుకున్నాడు బాబాయి. వారం తిరక్కుండా బావా, ఆయన భార్యా ఇస్త్రీ బట్టల్లో దిగారు. బావ చంకలో రంగు కాగితం చుట్టిన గోడగడియారం. “పెళ్లివారేరీ?” అన్నాడు గుమ్మంలోనే. పిన్నికి ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక, కాగితాలు కోసే బల్ల కింద పిల్లిపిల్లలున్న బుట్ట చూపించింది. అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది బావే.

కానీ తర్వాతి ఆదివారం ఆయన రేడియోలోకి రాలేదు. ఆపై వారమూ లేదు. పిన్ని ఫోను చేస్తే వదిన ఎత్తింది. “వినీ వినకుండా మాట్లాడి నవ్వులపాలవడం దేనికి అంటున్నారు మీ అన్నయ్య. సెట్టు మీద గుడ్డ కప్పేశారు” అంది.

ఆ మాట బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రమే సెట్టు వేసి, నదిలో లాంచీ నడిపే మిత్రుణ్ని అడిగాడు తన గొంతు ఎలా ఉందని.

“మొహమాటం లేకుండా చెప్పాలా?” అన్నాడాయన. “దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నీ మాటల్లో పెదవులు వినిపిస్తాయి గానీ పళ్లు వినిపించవు.”

బాబాయి ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. “తప్పంతా మీ అన్నయ్య చెవులదే కాదే. నా గొంతుదీ ఉంది.”

దోషం ఎక్కడుందో ఆయనకు తెలుసు. మైకులోంచి వచ్చిన మాటను పెద్దది చేసి, గాలిలోకి వెళ్లే తరంగం మీదికి ఎక్కించేది మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్. పాత సామాన్లలో దొరికిందేదో తెచ్చి ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాడు. అది లావు శబ్దాలను దాటించేది. స, ష, చ లాంటి సన్నటివి అక్కడే ఆగిపోయేవి. మంచిది కొందామంటే దొరకదు. చుట్టడం చేతనైనవాడు కనక తానే చుట్టడానికి కూర్చున్నాడు.

మొదటిది మోటారు చుట్టినంత ధీమాగా చుట్టాడు. పరీక్ష కోసం ఏరియల్ బదులు పెద్ద బల్బు తగిలించి మైకులో మాట్లాడితే, మాట పెరిగినప్పుడల్లా బల్బు వెలుగు పెరిగింది. బల్బు బాగానే ఉంది, గొంతు మాత్రం మారలేదు. ఒకటి మాటను తీసుకునేది, ఇంకోటి దాటించేది, లోపలి రెండు తీగ చుట్లూ అలిగిన తోడికోడళ్లలా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి మరి. వాటిని కలపాలంటే కొన్ని వరసలు ఇదీ, కొన్ని వరసలు అదీ, మధ్యమధ్య కాగితం పెట్టి పొరలుపొరలుగా చుట్టాలి. రెండోది అలాగే చుట్టాడు. అది ఉబ్బిపోయి ఇనుప చట్రంలో పట్టలేదు. బలవంతంగా దూర్చితే, అంచున జారిన తీగ కింది వరసకు తగిలి చిటపటమంది.

పిన్ని వచ్చి చూసింది. పొరల మధ్య కాగితం వేళ్లతో నలిపింది. “ఇది కాగితమా, అట్టా? అడగొచ్చుగా నన్ను.”

పుస్తకాల వెన్నుకు అంటించే పల్చటి గట్టి కాగితం తెచ్చింది. వరసకంటే కాస్త వెడల్పుగా కోసి, రెండంచులా కత్తెరతో కుచ్చులా గాట్లు పెట్టింది. చుట్టేటప్పుడు ఆ కుచ్చు గోడలా లేచి నిలబడి, చివరి తీగ జారకుండా ఆపింది. ఆ నెలంతా ఆయన తీగ చుట్టే యంత్రం పిడి తిప్పడం, ఆమె కాగితం పరచడం. మధ్యలో ఎవరైనా అట్టల కోసం వస్తే ఇద్దరూ ఒకేసారి “రేపు రండి” అనేవాళ్లు.

మూడోది చట్రంలో చక్కగా ఇమిడింది. ఇక సెట్టు చివర వచ్చే శబ్దంలోంచి కొంచెం వెనక్కి తెచ్చి మొదట్లో కలిపితే మిగిలిన తప్పులు సర్దుకుంటాయి. ఉత్సాహం కొద్దీ బాబాయి ఎక్కువ కలిపాడు. సెట్టు చెవులు చిల్లులు పడేలా ఊళపెట్టింది. పిల్లి పిల్లల్ని వదిలేసి గోడ దూకింది. “మోతాదు మించితే మందైనా విషమే” అని పిన్ని విసుక్కుంటే, తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ సరైన పాళ్లకు తెచ్చాడు.

ఆదివారం పొద్దున భార్య బలవంతం మీద బావ సెట్టు మీది గుడ్డ తీసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. బాబాయి గొంతు సవరించుకుని, “శనగలు, సీసాలు, చిటికెనవేలు, చిలకపచ్చ” అన్నాడు.

అవతల్నించి బావ గొంతు వినిపించింది. “సీసాల్లో శనగలు పోసి ఏమన్నా దుకాణం పెడుతున్నావా బావా?”

ముందు గదిలోంచి పిన్ని, “అన్నయ్య చాదస్తం ఏం మారలేదు” అంది, పెద్దగా కూడా అనలేదు.

“చాదస్తమా? ఎవరది, చెల్లాయేనా?” అన్నాడు బావ.

పిన్ని జిగురు కుంచె అలాగే పట్టుకుని వచ్చి మైకు ముందు కూర్చుంది. అన్నాచెల్లెళ్లు ఆ పూట బాబాయికి మాట దొరకనివ్వలేదు.

బావ చెవులు బాగుపడ్డాయని కాదు. ఇప్పటికీ కొన్ని మాటలు జారిపోతాయి. “మళ్లీ చెప్పు” అని అడుగుతాడు, బాబాయి మళ్లీ చెబుతాడు. అంతే. అయితే ఇప్పుడు బాబాయికి ఇంకో పేచీ వచ్చింది. బావ గొంతు నూతిలోంచి వస్తున్నట్టు ఉంటుందట. అందుకని ఆయనకూ ఒక ట్రాన్స్‌ఫార్మర్ తయారవుతోంది. మొన్న నేను వెళ్లేసరికి బాబాయి పిడి తిప్పుతున్నాడు, పిన్ని కాగితం కోస్తోంది. చుట్టడం నేర్చుకుంటానని వచ్చి మకాం వేసిన బావ, తీగ కండె పట్టుకుని కూర్చుని ఇద్దరికీ సలహాలిస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. ఆయనకు ఆ చింతేమీ ఉన్నట్టు లేదు.