పెద్దోళ్ళకి నచ్చకూడని పాట

తొంభైల్లో, నేను పదో తరగతిలో ఉండగా, మా ఇంగ్లీషు మాస్టారు పాత అమెరికా పాటల క్యాసెట్ ఒకటి ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో అక్కడి పిల్లలు ఈ రాక్ అండ్ రోల్‌కి గెంతుతుంటే పెద్దవాళ్ళు మండిపడేవారట. నాకు కావలసింది సరిగ్గా అదే. మన్యంలో, డుంబ్రిగుడ దగ్గర మా ఊళ్ళో నేనేం చేసినా నవ్వేసి ఊరుకునేవారు. ఒక్కరైనా నా మీద మండిపడాలి!

ఆదివారం పొద్దున్న టేప్‌రికార్డర్ వాకిట్లో పెట్టి, సౌండు చివరిదాకా తిప్పి, జుట్టు విరబోసుకుని గెంతాను. చోళ్ళు, అదే రాగులు, ఎండబోస్తున్న మా నానమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. తిడుతుందని ఆశగా చూశాను.

"ఒక్కదానివే గెంతుతన్నావేటే గుంటా? సెయ్యియ్యి" అంది. మా థింసా ఆటలో లాగే నా వీపు వెనకనుంచి చెయ్యి పోనిచ్చి పట్టుకుంది. పక్కింటి ఆడవాళ్ళని బేగి రమ్మని కేకేసింది. పాట అయ్యేలోపు ఏడుగురం ఒకే వరసలో, ఒకే అడుగు వేస్తున్నాం.

నాకు ఏడుపొచ్చింది. "ఇది పెద్దోళ్ళకి నచ్చకూడదు నానమ్మా!" అని అరిచాను.

"నచ్చకూడదంటే అంత బాగా ఎందుకు వాయించారే?" అని, మళ్ళీ మొదట్నుంచి పెట్టమంది.

ఆ రోజంతా అలిగి అన్నం మానేశాను, తిక్కదాన్ని. ఆ అమెరికా పిల్లల్లో ఎంతమందికి అలా నానమ్మ చెయ్యి అంది ఉంటుంది? నాకు అందింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ బాణీ వినబడితే, నా చెయ్యి దానంతటదే పక్కన నిలబడ్డవాళ్ళ వీపు వెనక్కి వెళ్ళబోతుంది.