రెండో లైను

ర్యామ్ ముక్కను స్లాటులోకి నొక్కితే టక్కున ఒక చప్పుడు వస్తుంది. మొన్న ఆదోనిలో ల్యాప్‌టాప్ రిపేరు షాపులో ఆ చప్పుడు విని చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. తెరుచుకోవడానికే పావుగంట తీసుకునే పాత ల్యాప్‌టాప్‌కు మెమరీ పెంచమని తీసుకెళ్లాను. షాపతను వెనక మూత విప్పి చూపించాడు. స్లాట్లు రెండే, రెండింటిలోనూ చిన్న ముక్కలే ఉన్నాయి, పాతవి తీస్తే తప్ప కొత్తవాటికి చోటు లేదు. రెండింటిలోనూ కొత్తవి వేస్తే వేగం బాగుంటుందన్నాడు. పెద్దది ఒక్కటే వేసి రెండోది ఖాళీగా వదిలెయ్యమన్నాను. ఎందుకు మేడమ్ అని రెండుసార్లు అడిగాడు. అలవాటు అని చెప్పి తప్పించుకున్నాను. ఆ అలవాటు నాకు నేర్పిన మనిషి పేరు రుక్కమ్మ.

డెబ్బైల చివర్లో, డిగ్రీ ముగించి బ్యాంకు పరీక్ష రాసి ఖాళీగా ఉన్న రోజుల్లో, ఆదోనిలో ఒక పత్తి మిల్లు టెలిఫోను బోర్డు దగ్గర పనికి చేరాను. బోర్డంటే పెద్ద చెక్కపెట్టె, దాని ముఖాన వరుసగా రంధ్రాలు, తీగల చివర ఇత్తడి పిన్నులు. రంధ్రంలో పిన్ను దించితే టక్కున అదే చప్పుడు వచ్చేది. మిల్లు లోపలి గదులకు పన్నెండు రంధ్రాలుండేవి. బయటి ప్రపంచానికి మాత్రం రెండే లైన్లు. ఆ గదికి రుక్కమ్మక్క పెద్ద. మంత్రాలయంలో గుడి సేవ చేసుకునే ఇంటి ఆడబిడ్డ, భర్త పోయాక ఈ పనికి వచ్చింది. నవ్వడం చాలా తక్కువ. మొదటి నెలంతా నన్ను పిన్ను ముట్టనివ్వలేదు, పక్కన కూర్చుని వినమంది. ఎమ్మిగనూరులో మా మిల్లుకు పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు షెడ్డు ఉండేది. అక్కడినుంచి ఎవరు ఫోను చేసినా వాళ్లు పేరు చెప్పకముందే గొంతును బట్టి పేరు పెట్టి పలకరించేది. ఆమె బుర్రలో ఎన్ని గొంతులుండేవో నాకు అంతు చిక్కేది కాదు.

మధ్యాహ్నం రెండు దాటితే మేనేజరు పత్తి ధరల కోసం బొంబాయికి మాట్లాడేవాడు. ఆ ఒక్క లైను పోతే మిగిలేది ఇంకొకటి. దాన్ని రుక్కమ్మక్క ఎవరికీ ఇచ్చేది కాదు. అకౌంటెంటు బతిమాలినా, స్టోర్సు వాళ్లు కసిరినా ఆగమనేది. ఒకరోజు మేనేజరే గదిలోకి వచ్చి, లైను ఖాళీగా పెట్టుకుని ఎవరికీ ఇవ్వవెందుకని నిలదీశాడు. ఆమె లేచి నిలబడింది గానీ గొంతు మారలేదు.

"అది ఇంగా పిలవని మనిషిది సార్," అంది.

మేనేజరు విసురుగా వెళ్లిపోయాడు. నాకూ అది చాదస్తంగానే కనిపించింది. ఇంటికెళ్లి మా అక్కచెల్లెళ్ల ముందు ఆ మాటను ఆమెలాగే అని చూపించి నవ్వించేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రుక్కమ్మక్క పంటినొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు అది. బోర్డు నాకు అప్పజెప్పి వెళ్లింది. మేనేజరు బొంబాయితో మాట్లాడుతున్నాడు. ఆ ఉదయమే బ్యాంకు పరీక్ష ఫలితాలు వచ్చాయని తెలిసింది. కర్నూలు హాస్టల్లో ఉన్న నా స్నేహితురాలు జాబితా చూసి ఉంటుంది. రెండో లైనులో పిన్ను దించి ఆమెకు ఫోను కలిపించుకున్నాను. నా నంబరు ఉందని ఆమె మొదటి నిమిషంలోనే చెప్పింది. అక్కడితో పెట్టేయవచ్చు. కానీ ఆ సంతోషంలో చీరల దగ్గరినుంచి పోస్టింగు ఏ ఊళ్లో వస్తుందో అన్నంతవరకు మాట్లాడుకున్నాం. ప్రతి మూడు నిమిషాలకూ, ఊళ్ల మధ్య ఫోన్లు కలిపే ట్రంకు ఆపరేటరు ఆపాలా అని అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ వద్దన్నాను.

అదే సమయంలో ఎమ్మిగనూరు షెడ్డులో ఉరుకుందు అనే కూలీ చెయ్యి యంత్రంలో పడింది. అక్కడి డాక్టరు కట్టు కట్టి, వెంటనే ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడట. వ్యాను మా మిల్లు గేటు దగ్గర ఊరికే నిలబడి ఉంది. దాన్ని పంపమని అడగడానికి షెడ్డు వాళ్లు మాకు ఫోను చేస్తూనే ఉన్నారు. రెండు లైన్లూ ఖాళీ లేవు. చివరికి విసిగి ఒక లారీని ఆపి ఎక్కించారు. ఆదోని చేరకముందే ఉరుకుందు చనిపోయాడు.

మరునాడు మేనేజరు బోర్డు పుస్తకంలో లైను చెడిపోయిందని రాయమన్నాడు. రుక్కమ్మక్క రాయలేదు. రెండు లైన్లూ ఇచ్చేసినాము అని రాసి సంతకం పెట్టింది. నేను ఏడుస్తూ, లైను ఖాళీగా ఉండి ఉంటే ఆయన బతికేవాడా అక్కా అని అడిగాను.

"బతికేవాడో లేదో నాకు తెలీదు. పిలిచినప్పుడు పలకాల్సింది మనం. రేపు వాళ్లింటికి పోదాం. నీ నోటితోనే సెప్పల్ల," అంది.

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు వినిపించే సందు చివర ఉరుకుందు ఇల్లు. అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. లైను నేనే వాడుకున్నానని చెప్పాను. ఆమె తలెత్తి నా ముఖం చూసింది.

"ఎంతసేపు మాట్లాడినావమ్మా?"

"మూడు నిమిషాలు," అన్నాను.

ఆమె తల ఊపింది. "మూడు నిమిషాల్లో ఏమైతాదిలే. నీ తప్పు గాదులేమ్మా," అని నా చెయ్యి పట్టుకుంది. రుక్కమ్మక్క పక్కనే కూర్చుని ఉంది. అంతా వింది.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక, కిటికీలోంచి చూస్తూనే మాట్లాడింది. టెలిఫోను ఎక్స్చేంజి వాళ్లు లెక్క చెప్పినారు, పద్దెనిమిది నిమిషాలు, అంది. తిరిగి వెళ్లి చెబుతానన్నాను.

"ఇప్పుడు పోయి ఆయమ్మను మళ్లీ ఏడిపిస్తావా? ఆయమ్మ మాఫు చేసింది మూడు నిమిషాలు మాట్లాడిన వేరే ఎవురినో. నిన్ను గాదు. అది గుర్తు పెట్టుకో."

రెండు నెలలు తిరక్కుండానే రుక్కమ్మక్కను బోర్డు మీదినుంచి తీసి గోనెసంచుల గోడౌనులో వేశారు. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుని మంత్రాలయం వెళ్లిపోయింది. నేను బ్యాంకులో చేరాను. నాలుగేళ్లకు ఆమె పోయిందని ఎవరో చెబితే తెలిసింది. ఎనభైల్లో నాకు ఎమ్మిగనూరుకే బదిలీ అయింది. మూడేళ్లున్నాను. ఆ సందు మొగదాకా ఎన్నోసార్లు వెళ్లాను, లోపలికి ఒక్కసారీ అడుగు పెట్టలేకపోయాను. ఆ రోజు ఫోనులో విన్న ఉద్యోగమే నన్ను ఇంతకాలం పోషించింది. ఇవాళ తింటున్న పింఛను కూడా దానిదే.

షాపతను మూత బిగించి ల్యాప్‌టాప్ ఇచ్చాడు. ఇప్పుడు గబుక్కున తెరుచుకుంటోంది. ఒక స్లాటు ఖాళీగా ఉంది. ఈ ల్యాప్‌టాప్‌లోనే ఇదంతా రాస్తున్నాను. ఉరుకుందు భార్య ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే మాట, ఎంతసేపు మాట్లాడావని.

పద్దెనిమిది నిమిషాలమ్మా.