తలుపు తెరుచుకున్నంత మాత్రాన

మా బావతో లిఫ్టు ఎక్కాలంటే బోలెడంత ఓపిక కావాలి. తలుపు తెరుచుకోగానే లోకమంతా ఎక్కేస్తుంది. ఆయన మాత్రం గుమ్మంలో ఆగి, ఎడమ కాలు చాపి, లోపలి నేలను రెండుసార్లు తట్టి చూసుకుని, ఆ తర్వాతే బరువు మోపుతాడు. ముప్ఫై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మెకానిక్కు మరి. "తలుపు తెరుచుకున్నంత మాత్రాన లిఫ్టు వచ్చినట్టు కాదురా" అంటాడు. నా పెళ్లిరోజున హోటల్లో మావాళ్లందరినీ లిఫ్టు ముందు నిలబెట్టి ఇదే పాఠం చెప్పాడు. ఎవరు కదిలినా "ఆగు, ఆగు" అంటాడని చుట్టాలు ఆయనకు ఆగన్న అని పేరు పెట్టారు.

నేనేమో బస్సు డ్రైవర్ని. ఐదు నిమిషాలు ఆలస్యమైతే డిపోలో అక్షింతలు పడతాయి. ఆయన "నిదానమే ప్రధానం" అంటే నేను "ఆలస్యం అమృతం విషం" అంటాను. మా ఇద్దరి మధ్యా నలిగిపోయేది పక్కింటి లెక్కల మేష్టారు. మేముండేది మంచుకొండల కింది ఊళ్లో, అందుకే ముగ్గురం కలిసి చలికాలంలో కొండలెక్కుతాం.

బావ వంటింటి కిటికీలోంచి చూస్తే ఒక కొండ వెన్ను కనబడుతుంది. ఈ శిఖరం నుంచి ఆ శిఖరం దాకా సన్నగా, మంచు కప్పుకుని ఉంటుంది. దాన్ని దాటాలని రెండేళ్లు వెళ్లాం, రెండేళ్లూ వెనక్కి వచ్చాం. సగం దారిలో ఒక రాళ్లగుట్ట ఉంది. ఒంటిగంటకల్లా దాన్ని చేరకపోతే చీకటిపడేలోగా దిగలేం, తిరిగి రావాల్సిందే. ఆయన అడుగడుక్కీ కర్రతో పొడిచి చూసుకుంటూ నడుస్తుంటే ఒంటిగంట ఎక్కడ అందుతుంది?

ఈసారి దాటకపోతే ఇక లేనట్టే. వచ్చే నెల ఆయన కుడి మోకాలికి ఆపరేషన్. తర్వాత కొండల మాట ఎత్తొద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు. బయల్దేరేటప్పుడు అక్క ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, "ఈసారైనా దాటించరా. కిందటేడు తిరిగొచ్చాక నెల్లాళ్లు ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాడు" అంది. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

తెల్లారేసరికి కొండ వెన్ను మీద ఉన్నాం. బూట్లకు ఇనుప ముళ్లు, నడుముకు తాడు. ముందు బావ, మధ్యలో నేను, వెనక మేష్టారు. ఎండకు మంచు తళతళలాడుతోంది. ఇటు లోయ, అటు లోయ. నాకు గట్టిగా కేక పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

పన్నెండైంది. రాళ్లగుట్ట ఇంకా దూరంగానే ఉంది. బావ ఎడమ పక్కనున్న మొనదేలిన రాళ్ల మీద నత్తలా పాకుతున్నాడు. కుడి పక్కన మంచు కొత్త రోడ్డులా చదునుగా పడి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన జాగ్రత్త ఈయన కొంపే ముంచేలా ఉందని, ఆయన్ని దాటుకుని ముందుకు పోదామని కుడి పక్కకు కాలెత్తాను.

"ఆగు. ఆ కాలు దించకు" అన్నాడు బావ.

"పన్నెండు దాటింది బావా. నీకోసమే కదా నా తొందర."

ఆయన వెనక్కి తిరిగాడు. నేను కాలు పెట్టబోయిన చోట కర్రతో పొడిచాడు. రెండుసార్లు ఆగింది. మూడోసారి పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఆ కన్నంలోంచి వెలుతురు వచ్చింది. వంగి చూశాను. ఎక్కడో పాతాళంలో ఆవగింజల్లా చెట్లు కనిపించాయి.

రాళ్ల మీదికి జరిగామో లేదో, మంచు ఒక్కసారి మూలిగింది. నా బస్సంత ముక్క విరిగి కిందికి పోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"గాలి మంచును నెట్టి నెట్టి చూరులా బయటికి కట్టింది. దాని కింద ఏమీ లేదు" అన్నారు మేష్టారు.

"తలుపు తెరుచుకుంది. లిఫ్టు రాలేదు" అన్నాడు బావ.

"వెనక్కి పోదాం బావా." ఆ మాట నా నోట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఇంకా నలభై నిమిషాలుంది కదరా."

"ఇదే నడకైతే ఒకటింపావు అవుతుంది" అన్నారు మేష్టారు.

మరో పదినిమిషాలు పాకాక మంచు అయిపోయింది. అక్కడి నుంచి గాలి ఊడ్చేసిన ఉత్త బండే. బావ దాన్ని ఎడమ కాలితో రెండుసార్లు తట్టాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు. ఇక చూడండి. లిఫ్టు చెడిపోయిన ఇరవై అంతస్తుల భవనాల్లో ముప్ఫై ఏళ్లు పెట్టె మోసుకుని మెట్లెక్కిన మనిషి! కుంటుతూనే దూసుకుపోతున్నాడు. తాడు బిగిసి నన్ను లాక్కుపోతోంది.

"బావా, ఆగు" అని అరిచాను.

"కనిపించే నేల మీద ఆగడం దేనికిరా" అన్నాడు వెనక్కి చూడకుండా.

రెండు నిమిషాలు తక్కువ ఒంటిగంటకు ఆయన చెయ్యి రాళ్లగుట్ట మీద పడింది. మేష్టారు గడియారం రెండుసార్లు చూసుకుని మరీ ఖాయం చేశారు. బావ నవ్వుతున్నాడు, కళ్ల నీళ్లు కారుతున్నాయి. నాకూ అంతే. అక్కడి నుంచి అవతలి శిఖరం దాకా పాటలు పాడుకుంటూ పోయాం.

సాయంత్రానికి అవతలి వైపు లాడ్జికి దిగాం. మాకిచ్చిన గది మూడో అంతస్తులో. బావ మోకాలు వాచిపోయింది, మెట్లెక్కలేడు. నా భుజం మీద చెయ్యేసి లిఫ్టు ముందు నిలబడ్డాడు. మా వెనక నలుగురైదుగురు సామాన్లతో ఉన్నారు.

తలుపు తెరుచుకుంది. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఎడమ కాలు చాపి, లోపలి నేలను రెండుసార్లు తట్టాను.

"ఏంటండీ, ఎక్కరా?" అన్నాడు వెనకాయన, విసుగ్గా.

"ఆగండి" అన్నాను.

నా భుజం మీది చెయ్యి బిగిసింది. "ఇప్పుడు ఎక్కు" అన్నాడు బావ.