చొక్కా తొడుక్కున్న ఇసుక

నా చిన్నప్పుడు ఒక ఏడాది పాటు మా ఇంట్లో ఆడవాళ్లంతా ఆదివారం గాలి వీయకూడదని దేవుడికి మొక్కుకున్నారు. గాలి బాగా వీస్తే మా చిన్నాన్న ఎగురుతానన్నాడు మరి.

చిన్నాన్న విశాఖపట్నం పోర్టులో ఫిట్టరు. డ్యూటీ దిగొచ్చాక మా డాబా మీద వెదురు బొంగులతో ఇంజను లేని విమానం ఒకటి కట్టాడు. రెక్కలకు పాత తెరచాప గుడ్డ. అది బిగుతుగా నిలవడానికి గంజి పెట్టింది మా పిన్నే. పెడుతున్నంతసేపూ కళ్లు తుడుచుకునేది. అప్పటికావిడ కడుపుతో ఉంది.

సాయంత్రాలు పిల్లలందరినీ ఆ రెక్కల పక్కన కూర్చోబెట్టుకుని, మొట్టమొదట విమానాలు కట్టినవాళ్ల కథలు చెప్పేవాడు. సైకిళ్ల కొట్టు నడుపుకునే అన్నదమ్ములిద్దరు తమ విమానానికి తాడు కట్టి, మనిషి బదులు బరువులు పెట్టి, ముందు గాలిపటంలా ఎగరేసి చూశారట. జర్మనీలో ఒకాయన గుట్టల మీంచి లెక్కలేనన్నిసార్లు ఎగిరి, చివరికి ఒకనాడు పడి ప్రాణం పోగొట్టుకున్నాడట. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు చిన్నాన్న ముఖం వెలిగిపోయేది. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. పిన్ని గుమ్మంలో నిలబడి అన్నీ వినేది.

ఒక ఆదివారం గాలి రానే వచ్చింది. విమానాన్ని విడదీసి లారీలో వేసుకుని, భీమిలి దారిలో సముద్రం ఒడ్డునున్న ఇసుక దిబ్బలకు వెళ్లాం. విమానానికి కట్టిన తాడు లాగి పైకి లేపడానికి అక్కడి ఊళ్లో జాలర్లు వచ్చారు. వలలు లాగిన చేతులు కదా, వాళ్లకది ఆటలా ఉంది. వద్దన్నా వినకుండా పిన్ని కూడా లారీ ఎక్కింది, ఒళ్లో ఒక మూట పెట్టుకుని. నేను ఆవిడ కొంగు వదల్లేదు.

చిన్నాన్న ఎక్కబోతుంటే పిన్ని మూట విప్పింది. లోపల ఆయన నీలం డ్యూటీ చొక్కా, ప్యాంటు. రెండూ కలిపి కుట్టేసి, చేతుల చివర్లూ కాళ్ల చివర్లూ మూసేసింది.

"ఏటే ఇది? నా మీద నమ్మకం లేదా?" అన్నాడు చిన్నాన్న.

"మీ మీద ఉంది. ఆ బొంగుల మీదే లేదు. ఆ అన్నదమ్ములు ముందు బరువులెట్టి సూసుకున్నారని పిల్లలకి సెప్పింది మీరే కదా. ఎగరొద్దని నాను అనను. ముందు ఇసకని కూకోబెట్టండి."

చిన్నాన్న ముఖం ఎర్రబడింది. విమానం దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. మాతో లారీలో వచ్చిన ఆయన పోర్టు స్నేహితులు నవ్వుతూ బట్టల్లోకి ఇసుక కూరారు. ఒకసారి చిన్నాన్నని, ఒకసారి ఆ బొమ్మని ఎత్తి చూసి బరువు సరిపోయిందన్నారు. "బావా, నీకన్నా ఇదే నయం, మాటాడదు!" అన్నాడొకాయన.

జాలర్లు తాడు పట్టుకుని పరుగెత్తారు. విమానం లేచింది. నిజంగానే లేచింది! చొక్కా చేతులు గాలికి ఊగుతుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. అంతలో ముక్కు పైకెత్తింది, ఎత్తి ఇంకా ఎత్తి, గాలిలో ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత ఒక రెక్క వాలి, తలకిందులుగా వచ్చి పడింది.

"చిన్నాన్నా!" అని గావుకేక పెట్టాను. చిన్నాన్న నా పక్కనే ఉన్నాడు. నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుని ఉన్నాడు. చొక్కా పొట్ట దగ్గర చినిగి, ఇసుక ధారగా కారిపోతోంది. ఎవరూ నవ్వలేదు.

పిన్ని వెళ్లి ఆ చొక్కా విదిలించి, మడత పెట్టి మళ్లీ మూట కట్టుకుంది. తిరుగు దారిలో చిన్నాన్న అన్నాడు, "ముక్కు కాడ బరువు సాల్లేదే."

"అయితే ఎట్టండి. సొక్కా నాను కుట్టేత్తాను," అంది పిన్ని. ఆవిడ అది చాలించమంటుందనే నేనంతసేపూ ఎదురుచూశాను. కోపమొచ్చింది కూడా.

ఆ తర్వాత ఇసుక చాలాసార్లు ఎగిరింది, పడింది, చివరికి పడకుండా దిగడం మొదలుపెట్టింది. అప్పుడెక్కాడు చిన్నాన్న, కుట్లు విప్పేసిన, మాసికలు పడ్డ ఆ నీలం చొక్కా తొడుక్కునే. నేల మీద నుంచి మనిషెత్తు లేచి, కాస్త దూరం పోయి, మెల్లగా ఇసుక మీద వాలాడు. అంతే.

ఇప్పుడు మా పిల్లలు కొత్తగా ఏదైనా మొదలుపెడతామంటే వద్దనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, "ముందు ఇసుక కూర్చుందా?" అని అడుగుతాను. అలా అడిగిన ప్రతిసారీ నాకు చిన్నాన్న ఎగిరి దిగిన రోజు పిన్నే కనిపిస్తుంది. అప్పటికి పుట్టిన చంటివాణ్ణి నా చేతిలో పెట్టి, దిబ్బ దిగి పరుగున వెళ్లి, లోపల ఉన్నది మనిషేనా అన్నట్టు ఆ చొక్కా మీద చెయ్యి వేసి చూసుకుంది.