పిండిమరలో పేరిస్

మా తిరుమలరావు బావ ప్రేమకథలు అరిచి చదువుతాడు. నరసన్నపేటలో ఆయనది పిండిమర. అది తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఆ హోరులో, మీసాల నిండా బియ్యప్పిండితో, పేరిస్‌లో జరిగే ఇంగ్లీషు నవలలు చూసి తెలుగులో చెబుతాడు. డిగ్రీ మూడేళ్లు వెలగబెట్టి ఇంగ్లీషొక్కటే పాసైన మనిషి మరి.

పిండికొచ్చిన ఆడవాళ్లు డబ్బాల మీద కూర్చుని వింటారు. ఒకరోజు బావ, "నిన్ను సూడకపోతే నాకు ముద్ద దిగదు, దగ్గరికి రా," అని గొంతు చించుకుంటుండగా కరెంటు పోయింది. మర ఆగింది. బావ ఆగలేదు. ఎదురుగా బస్సు దిగుతున్న మా కులపెద్ద సూరయ్య అటూ ఇటూ చూసి మళ్లీ బస్సెక్కేశాడు.

వినేవాళ్లలో కుసుమకుమారి ఒకతె. జంతికలు వండి అమ్ముకుంటుంది. మొగుడు ఎల్లాజీ ఇంకొకామెతో పారాదీప్ పోయి ఏడేళ్లైంది. ఒంట్లో షుగరు చేరగానే ఆవిడ గెంటేస్తే, మొన్న సంచీతో దిగాడు. వండిపెట్టే చేతులు గుర్తొచ్చి ఉంటాయి. దానికి ప్రేమని పేరు పెట్టాడు. పెద్దలకు అదే చాలు.

"మొగోడన్నాక తప్పు సేస్తాడు, ఆడదన్నాక సర్దుకోవాల," అన్నాడు సూరయ్య. గురువారం అందరి ముందూ కుసుమ సరేననాలి. కాదంటే ఊళ్లో ఒక్కడూ ఆమె జంతికలు కొనకూడదట.

అప్పుడే బావ చదివే నవలలో లూక్ అనేవాడు పెళ్లాం క్లేర్‌ని వదిలేసి ద్రాక్షతోటల పిల్లతో పోయాడు. బుధవారం నాటికి తిరిగొచ్చి తలుపు కొట్టాడు.

"తీసినాదేటి బావా?" అన్నాను.

కుసుమ డబ్బా మూత గట్టిగా పట్టుకుంది.

బావ పేజీ తిప్పాడు. చూశాడు. లేచి వెళ్లి మర ఆపేశాడు. మెల్లగా, గుళ్లో మాట్లాడినట్టు చెప్పాడు: "తియ్యనేదు. కిటికీలోంచి అన్నాది. నువ్వు నేకుండా బతకడం నాను నేర్సుకున్నాను, నువ్వూ నేర్సుకో అని."

గురువారం కుసుమ పెద్దల ముందు అదే మాట అప్పజెప్పింది. ఎల్లాజీ సంచీ తిరిగి బస్సెక్కింది. ఊరు జంతికలు కొనడం మానేసింది, సరిగ్గా తొమ్మిది రోజులు. పదోనాడు సూరయ్య భార్యే పెరటి గుమ్మంలోంచి రెండు కిలోలు పట్టుకుపోయింది.

నా నోట్లో నువ్వుగింజ నానదు, కడుపులో అనుమానం ఆగదు. పుస్తకం కొట్టుకొచ్చి కాలేజీకెళ్లే శైలజతో చదివించాను. క్లేర్ తలుపు తీసింది. వాటేసుకుంది. ఏడ్చింది. వాణ్నే మళ్లీ పెళ్లి కూడా చేసుకుంది, పడవలో.

"అబద్ధం సెప్పీసినావేటి బావా?"

"అచ్చుతప్పు పడ్డాదే. దిద్దినాను." మీసాల పిండి దులుపుకున్నాడు. "మా సెల్లి దేవిని కూడా ఇలాగే సర్దుకోమన్నాం. నానే మొగుడింటికి బస్సెక్కించినాను. ఏడాది తిరక్కుండా..."

మర వేసేశాడు. మిగతాది వినపడలేదు. వినపడక్కర్లేదు, దేవి చావు ఊరంతా ఎరుగుదుం.

ఆగలేక కుసుమ దగ్గరికి పరిగెత్తాను. మూకుడులో జంతికలు తిప్పుతోంది.

"ఒసే, ఆ పుస్తకంలో ఆఖరి పేజీ..."

"నాకు తెలుసునే," అంది తల ఎత్తకుండా. "పుస్తకంలో ఉన్నదైతే ఆయన అరవడేటి?"