మంచుబండి వెనక పెళ్లికూతురు

మా ఆడబిడ్డ కినుయోకు అరవై దాటాక రెండో పెళ్లి జరిగింది. ఆ పెళ్లికి ఆమె తన కారు తానే నడుపుకుంటూ వెళ్లింది. పక్క సీట్లో కూచున్నది నేను కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి.

మొదటి భర్త పోయాక ఆయన చిన్న ట్రక్కునే ఆమె ఏళ్ల తరబడి నడిపింది. ఆపిల్ పెట్టెలు వేసుకుని ఉత్తర జపాన్‌లోని మా అకితా కొండదారుల్లో గేరు మీద గేరు మారుస్తూ, దారివ్వని మగవాళ్లను నోరారా దీవిస్తూ తిరిగేది. ఒక శరత్కాలంలో ఆ ట్రక్కు ఇక నావల్ల కాదని మొరాయించింది. ఊళ్లో మెకానిక్కు ఆమెకొక బుల్లి తెల్ల కారు చూపించాడు. సీవీటీ కారు. గేర్లు మార్చే పని లేదు. లోపల రెండు కప్పీల మధ్య ఒక బెల్టు జారుతూ తనంతట తానే సర్దుకుంటుందన్నాడు.

"అన్నీ అదే సర్దుకుంటే ఇంక నేనెందుకు, దిష్టిబొమ్మలాగా?" అంది కినుయో. అయినా కొంది.

ట్రక్కు అలవాటు ఊరికే పోతుందా? క్లచ్ అనుకుని ఎడమకాలితో ధనామని తొక్కేది. అది కాస్తా బ్రేకు. కారు నిలువునా ఆగేది.

"మిసావో, ముక్కుందా?" అనేది నా వంక తిరిగి.

"ఉంది వదినా, అద్దానికి అంటుకుని ఉంది."

ఆ తర్వాత మంచు పడింది. మా దగ్గర మంచు పడటమంటే రాత్రికి రాత్రి కంచెలు మాయమైపోవడం. సంతకు బయల్దేరి చిన్న ఎత్తు ఎక్కబోతే కారు కదల్లేదు. వదిన ఇంకా తొక్కింది. ఇంజను కందిరీగలా గీపెట్టింది. చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. కారు మెల్లగా, ఎంతో మర్యాదగా పక్కకు జారి, మంచు కప్పేసిన కాలవలో ఒరిగింది.

మమ్మల్ని బయటికి లాగినవాడు తకేజో. మా లోయలో మంచు తోసే బండి ఆయనదే. నాలుగు మాటలు మాట్లాడితే ఐదోదానికి జ్వరమొచ్చే మనిషి. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాడు.

"బండి అంత ఏడుస్తుంటే ఇంకా తొక్కుతారేంటండీ? చక్రం జారుతోంది, లోపల బెల్టు వేడెక్కిపోతుంది. సన్నసెగ మీద అన్నం వండినట్టు తొక్కాలి."

"మీరెప్పుడైనా అన్నం వండారా?" అంది వదిన ఎగాదిగా చూస్తూ.

"రోజూనండీ. ఒక్కణ్ణే కదా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చలికేమో అనుకున్నాను.

ఆదివారాలు బడి వెనక మైదానంలో ఆయన ఆమెకు నేర్పాడు. గుడ్ల మీద కాలు పెట్టినట్టు బయల్దేరడం. మలుపు రాకముందే కాలు తీసేయడం. దిగుడులో బ్రేకు మీద పడిపోకుండా గేరు మీటను 'ఎల్' అనే అక్షరం మీదికి లాగి, ఇంజనే బండిని పట్టుకునేలా చేయడం. వదిన పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ తీసుకెళ్లేది, ఆయన ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. పాఠాలు బాగానే వంటపట్టాయి. అయినా ఆ చలికాలం ఆమె మరికొన్నిసార్లు కాలవలో దిగింది. ఆఖరిసారి దిగేటప్పటికి రోడ్డు మీద మంచే లేదు.

తకేజో తాడు కట్టాడు, బండి లాగాడు, టోపీ తీశాడు. "మీరు కాలవలో దిగకుండా ఉండటానికి ఒక దారుందండీ."

"ఏంటది?"

"మా ఇంట్లో ఉండిపోవడం."

వదిన కారెక్కి తలుపేసుకుంది. అద్దం దించి, "మీ వంటింట్లో అటక ఉందా? నా ఊరగాయ పీపాలు ఎక్కువ" అంది. అంతే, సంబంధం ఖాయమైపోయింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ముహూర్తం. ఆ పొద్దున లేచేసరికి కిటికీ సగం దాకా మంచు. కొండ అవతలి గుడిలో పెళ్లి. పెళ్లికొడుకేమో పెళ్లిబట్టల్లో కాదు, నారింజరంగు పనిబట్టల్లో ఉన్నాడు. దారి తెరవాల్సింది ఆయనేగా!

ఫోన్ చేశాడు. "నేను ముందు తోసుకుంటూ పోతా. నువ్వు నా వెనకాలే రా."

"ఇంకా పెళ్లి కాలేదు, అప్పుడే వెనకాలే రమ్మంటున్నాడు చూడవే!" అంది వదిన నాతో. లేతఊదా కిమోనో చేతుల్ని తాడుతో పైకి కట్టేసింది. కాళ్లకు రబ్బరుబూట్లు తొడిగింది. స్టీరింగ్ ముందు కూచుంటే అచ్చం యుద్ధానికి పోతున్నట్టుంది.

ముందు తకేజో బండి మంచును రెక్కలుగా చిమ్ముతూ పోతోంది. వెనక మేము. మా వెనక పెళ్లివాళ్ల కార్లన్నీ, తల్లికోడి వెనక పిల్లల్లా. కొండ నడుమ, అన్నిటికంటే నిటారైన మలుపులో, మంచుబండి ఆగిపోయింది. చెట్టుకొమ్మ ఒకటి అడ్డంగా పడింది. మేమూ ఆగాం. తకేజో దిగి కొమ్మను ఈడ్చేసి, మళ్లీ కదిలాడు. ఇప్పుడు మేం కదలాలి, ఎగుడులో, నున్నటి మంచు మీద. మేం జారితే వెనకున్న పెళ్లంతా జారుతుంది.

"వదినా, మెల్లగా..."

"నోర్ముయ్యవే, శ్రుతి వింటున్నా."

కాలు తేలిగ్గా ఆనించింది. ఇంజను ఒకే స్వరం పట్టుకుంది. గేరు మారదు కదా, ఆ స్వరం తెగదు, విరగదు. వదిన ఆ స్వరాన్నే అందుకుని, వరి నాట్లప్పుడు పాడే పాట ఎత్తుకుంది! చక్రం ఒకసారి జారింది. ఆమె కంగారుపడి ఇంకా తొక్కలేదు, కాలూ తీయలేదు, పాటా ఆపలేదు. కారు ఒక్క క్షణం ఆలోచించుకుని, పట్టు దొరికించుకుని, ఎక్కడం మొదలుపెట్టింది. నేనూ పాడాను. నాకు పాట రాదు, అయినా పాడాను. వెనక కార్లలో ఎవరో అద్దం దించి కేకేశారు: "పెళ్లికూతురు పాడుతోందర్రోయ్!"

కొండ దిగేటప్పుడు ఎల్ మీదికి లాగింది. కారు గుర్రున మూలుగుతూ, మెట్లు దిగే ముసలమ్మలా ఒద్దికగా దిగింది.

గుడి దగ్గర తకేజో బండి గదిలోనే బట్టలు మార్చుకుని దిగాడు. నల్లటి పెళ్లిబట్టలు బాగానే ఉన్నాయి, తలమీద హెల్మెట్ మాత్రం అలాగే ఉంది. ఎవరూ చెప్పలేదు, నవ్వు ఆపుకోవడమే గగనమైంది. తంతు ప్రకారం వధూవరులు సాకే, అదే బియ్యపు సారా, గుటకలు వేయాల్సిన చోట పెద్ద చిక్కొచ్చింది. ఇద్దరూ మళ్లీ బండ్లు నడపాల్సినవాళ్లే!

"స్వామీ, వేడినీళ్లు పోయండి," అంది వదిన.

పూజారి గారు కాసేపు తల గోక్కున్నారు. "దేవుడు కూడా పోలీసులకు భయపడాల్సిందే కదమ్మా," అని నీళ్లే పోశారు. వాళ్ల వంతు సాకే మా ఆయన తాగాడు, పుణ్యం ఊరికే పోకూడదని.

భోజనాలు సగంలో ఉండగా పక్క లోయలో దారి మూసుకుపోయిందని కబురొచ్చింది. తకేజో లేచాడు. వదిన కూడా లేచింది.

"నువ్వెక్కడికి?" అన్నాడాయన.

"పెళ్లయిందిగా. ఇప్పుడు వెనకాల కాదు, పక్కన."

నా చేతిలో తాళంచెవి పెట్టింది. "మిసావో, కారు నువ్వు తీసుకురా."

"నేనా! ఈ మంచులోనా?"

"నువ్వే. సీవీటీయే కదా, నువ్వు కాస్త ఓపికపట్టు చాలు, అది సర్దుకుంటుంది!"

కిమోనో మోకాళ్ల దాకా ఎగ్గట్టి, మా అరవై దాటిన పెళ్లికూతురు ఆ మంచుబండి నిచ్చెన ఎక్కేసింది. కిటికీలోంచి ఊదారంగు చెయ్యి ఊపుతూ, మంచు చిమ్ముకుంటూ, ఇద్దరూ మలుపు తిరిగిపోయారు. మేమంతా చేతుల్లో అన్నం గిన్నెలతోనే బయట నిలబడి, గొంతులు పోయేదాకా కేకలేశాం.