భాష గడిలో పట్టని పుస్తకం

2008లో మా ప్రచురణ సంస్థ నన్ను తమిళనాడులోని విరుదునగర్ డిపోకు సేల్స్ ఆఫీసరుగా పంపింది. మాది నెల్లూరు వైపు. డిపో మిరపకాయల గోదాముల మధ్య ఉండేది. పుస్తకం తెరిస్తే ముందు తుమ్ము వచ్చేది, తర్వాతే అక్షరం కనపడేది. మదురై హెడ్డాఫీసులో అచ్చయిన తమిళ పుస్తకాలను కోవిల్‌పట్టి దాకా ఉన్న అంగళ్లకు చేర్చడం నా పని. అంగడివాడు అమ్మగలిగినన్ని అమ్మి, మిగిలినవి వాపసు ఇస్తాడు. వాపసులు పెరిగితే అక్షింతలు నాకు పడతాయి.

ఆ పుస్తకాల్లో ఒకటి గురుసామి నాయకర్ గారిది. ఆయన ఒట్టపిడారం దగ్గర నల్లరేగడి రైతు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం; అక్కడి తెలుగు కుటుంబాల రివాజే అది. తెలుగు లిపి వాళ్లలో ఎవరికీ రాదు. అందుకని ఆయన తన ఊరి కథల్ని ఇంటి తెలుగులోనే, తమిళ అక్షరాలతో రాశారు. నేను మొదట చూసి నవ్వాను. నాకు వచ్చీరాని ఆ అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాక నవ్వు ఆగింది. మావైపు ఎప్పుడో పోయిన మాటలు అందులో నిక్షేపంగా ఉన్నాయి.

దాన్ని కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర అంగడి పెట్టుకున్న షణ్ముగం అమ్మేవాడు. ఆయన తమిళుడు, తెలుగు ఒక్క ముక్క రాదు. వచ్చినవాళ్లను ఊరిపేరు అడిగి, తెలుగిళ్ల మనిషని తేలితే చాలు, ఇది మీ ఇంటి మాట, మీరు చదవగలిగే అక్షరం అని తమిళంలో చెప్పి చేతిలో పెట్టేవాడు. కొన్నవాళ్లు పెళ్లిళ్లలో తాంబూలం సంచిలో కొబ్బరికాయతోపాటు వేసి పంచేవారు. పేరులేని రచయిత పుస్తకం కదలాలంటే, దాని గురించి ఒక్క మాట చెప్పే మనిషి కావాలి.

అంతలో హెడ్డాఫీసుకు ఆన్‌లైన్ పిచ్చి పట్టింది. ఇక అన్ని పుస్తకాలూ వెబ్‌సైట్‌లోనే, పెద్దవాళ్ల పక్కనే కొత్తవాళ్లూ అన్నాడు మేనేజరు. నాయకర్ గారు పొంగిపోయారు. పనుల కోసం చెన్నై, కోయంబత్తూరు చేరిన తనవాళ్లకు పుస్తకం అందాలన్నదే ఆయన కోరిక. "మన పిల్లకాయలు అక్కడ ఇంట్లోనూ తమిళమే మాట్లాడతా ఉండారు సార్. ఇది వాళ్ల చేతికి పోతే చాలు" అన్నారు.

వెబ్‌సైట్‌లో పుస్తకం ఎక్కించడాన్ని లిస్టింగ్ అంటారు. అందులో భాషకు ఒకటే గడి. హెడ్డాఫీసులో అక్షరాలు చూసి తమిళం అని కొట్టారు. కొన్న తమిళులు, పుస్తకం నిండా అచ్చుతప్పులే, ఒక్క వాక్యం అర్థం కాలేదని రాసి తిప్పిపంపారు. నాయకర్ గారికి కోపం వచ్చింది. "మేం మాట్లాడేది తెలుంగు. తెలుంగనే వెయ్యండి సార్" అన్నారు. మార్చాం. ఈసారి వాపసులు హైదరాబాదు నుంచి వచ్చాయి, తెలుగు పుస్తకమని చెప్పి అరవం అంటగట్టారని. భాష ఒకటి, లిపి ఒకటి అని పుస్తకం పేరు కిందనే రాయండి మహాప్రభో అని నేను మొత్తుకున్నాను. ఒక్క పుస్తకం కోసం పద్ధతి మార్చరట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వాపసులు మితిమీరిన పుస్తకాన్ని లిస్టింగ్ నుంచి తీసి, కాపీలు తూకానికి అమ్మేయడం నియమం. అలాగే చేశారు.

నా డిపోలో మిగిలిన కొద్ది కాపీలు పట్టుకుని మళ్లీ షణ్ముగం దగ్గరికి పోయాను. అప్పటికే జనం ఆయన అంగట్లో పుస్తకాలు తిరగేసి చూసి, తగ్గింపు ధరకు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఆయన కథల పుస్తకాల అరలు పీకేసి బడి గైడ్లు పెట్టుకున్నాడు, నా కాపీలకు చోటు లేదు. ఆయన్ని నేను తప్పుపట్టను.

డిపోకు వచ్చిన నాయకర్ గారికి ఈ సంగతంతా చెప్పాను. "నేను తప్పుగా రాసినానా సార్?" అని అడిగారు. లేదన్నాను. "అట్లయితే ఏమిటికి ఇది ఎవురిదీ కాకుండా పోయింది?" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రెండేళ్లకు ఆయన రెండో పుస్తకం వచ్చింది, శుభ్రమైన తమిళంలో. వెబ్‌సైట్‌లో బాగా పోయింది. మేనేజరు మీటింగులో దాన్ని ఎత్తి చూపించి, ఆన్‌లైన్ వల్ల పల్లెటూరి రచయితకు దక్కిన గౌరవం ఇదీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పుస్తకానికి వాపసులు రాలేదు. నాయకర్ గారు మళ్లీ ఇంటి మాటలో రాయలేదు. పేరులేని రచయితకు ఆన్‌లైన్ తలుపు తీస్తుందన్నది నిజమే. లోపలికి ఏ మాటతో రావాలో కూడా అదే చెబుతుందన్నది నేను నేర్చుకున్నది.